మూడు వందల అడుగుల పూలదండ

తిరుచానూరు అమ్మవారి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని నాకు తెలుసు. రెడ్డెప్ప చెప్పినదాంట్లో సగం తీసేసి నమ్మడం చిత్తూరులో అలవాటు. మా ఇంట్లో ముక్కాలు తీసేస్తారు. అందుకే ముందుగా ప్రమాణం చేసి, ఆ తరవాతే కలం పట్టాను.

పోయిన కార్తీకమాసంలో, సినిమా అవార్డులు ప్రకటించిన వారానికి, రిటైరై నాలుగేళ్లయిన నన్ను మళ్లీ డ్యూటీకి పిలిచారు. హోదా ఆపరేటర్. పని ఒక్క ఆట. స్థలం నేను ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసిన చిత్తూరు టాకీసు. పిలవడానికి మా ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకరు ఆ టాకీసు ఇప్పటి యజమాని బాలాజీ. వాళ్ల నాయన పెద్దసెట్టి దగ్గర నేను ఉద్యోగంలో చేరాను కాబట్టి ఈయన నాకు ఇప్పటికీ చిన్నసెట్టే. రెండోవారు తిరుపతి నుంచి వచ్చిన వసుంధర మేడం. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, అక్కడి ఫిల్మ్ క్లబ్బుకు కార్యదర్శిగా ఉన్నారు. అవార్డుల కాలం వచ్చిందంటే ఆ క్లబ్బుకు పండగ. అవార్డు వచ్చిన సినిమాలు వారం పాటు వేసుకుంటారు, వాదించుకుంటారు, జ్యూరీ కంటే తామే మేలని తీర్మానించుకుని లేస్తారు.

ఈసారి జీవితకాల పురస్కారం కెమెరామన్ గోపాలయ్యగారికి వచ్చింది. పలమనేరు పక్కన సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టి, మద్రాసు పోయి కెమెరా పట్టిన మనిషి. ఎనభై రెండేళ్లు. ఆయనకు సన్మానం చేసి, ఆయన తీసిన సినిమా ఒకటి ఫిల్మ్ మీదే, పాత ప్రొజెక్టరు మిషన్ పెట్టి చూపించాలని క్లబ్బు నిర్ణయం. సినిమా పేరు చెప్పినా మీకు గుర్తురాదు. చిత్తూరులో మూడు రోజులు ఆడింది. మేమంతా దాన్ని పూలమ్మ సినిమా అనేవాళ్లం. తిరుచానూరులో పూలు కట్టి అమ్మే ముసలామె కథ.

"మిషన్ యాడుండాది చిన్నసెట్టీ?" అని అడిగాను.

"నువ్వు వదిలిపెట్టిన చోటే ఉండాది అన్నా. కేబిన్ గోడ కట్టినాక మెట్లు సన్నమైపోయినాయి. ఉండే రెండు మిషన్లలో ఒకటి పగలగొట్టి దించినాము. రెండోది దిగలేదు."

అలా ఆ మిషన్ బతికింది. ప్రింటు కూడా మా టాకీసు వెనక రేకుల షెడ్డులోనే ముప్పై ఏళ్లుగా పడి ఉంది. సినిమా తెచ్చిన డిస్ట్రిబ్యూటరు నష్టపోయి దుకాణం ఎత్తేశాడు. వెనక్కి అడిగినవాళ్లు లేరు.

అంతవరకూ సంతోషంగానే విన్నాను. తరవాత మేడం అసలు సంగతి చెప్పారు.

ఆ సినిమాలో ఒక షాట్ ఉందట. మాటలు లేవు, పాట లేదు. ముసలామె తెల్లవారుజామున దీపం ముందు కూర్చుని పూలదండ కడుతుంటుంది. మూడు నిమిషాలకు పైగా కెమెరా కదలదు. దండ కడుతుండగానే ఎదురింటి కప్పు మీదుగా పొద్దు పొడిచి ఆ వెలుగు ఆమె చేతుల మీదికి దిగుతుంది. ఆ ఒక్క షాట్ గురించే అవార్డు ప్రకటనలో రెండు వాక్యాలు రాశారు. చిక్కు ఏమిటంటే ఆ షాట్ ఎక్కడా లేదు. మద్రాసు ల్యాబు మూతపడినప్పుడు నెగటివ్ పోయింది. వీడియో క్యాసెట్టులో లేదు, టీవీలో వచ్చినదాంట్లో లేదు. గోపాలయ్యగారు ముప్పై ఏళ్లుగా తన శిష్యులకు ఆ షాట్ ఎలా తీశారో చెబుతూ వస్తున్నారు. శిష్యులు సినిమా వెతికి చూస్తారు. షాట్ ఉండదు. పెద్దాయన కల్పించి చెబుతున్నాడని ఇప్పుడు మర్యాదగా నవ్వుకుంటున్నారట. అవార్డు ఇచ్చినవాళ్లు కూడా చూసి రాయలేదు, విని రాశారు.

"ఆయన ఒక్కటే అడిగారండీ," అన్నారు మేడం. "శాలువా వద్దు, పూలమాల వద్దు, చిత్తూరు ప్రింటులో ఆ షాట్ ఉందేమో చూడండి, ఉంటే నేను అబద్ధాలకోరును కానని తేలుతుంది అన్నారు."

నేను మంచినీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను. ఎందుకంటే క్యాసెట్టు చేసినవాళ్లు వాడుకున్నది మా ప్రింటే. మూడు రోజులే ఆడింది కాబట్టి గీతలు లేకుండా ఉందని మద్రాసుకు తెప్పించుకుని, పని కాగానే తిరిగి పంపారు. అందులో ఆ షాట్ లేదని నాకు తెలుసు. ఎందుకు లేదో కూడా తెలుసు.

ఇక్కడ మా ఉద్యోగం సంగతి కొంత చెప్పాలి. ఇప్పుడు సినిమా ఒక పెట్టెలోంచి వస్తుంది. మీట నొక్కి కిందికి పోయి కాఫీ తాగి రావచ్చు. అప్పుడు సినిమా పద్నాలుగు రీళ్లుగా, రేకు డబ్బాల్లో, బస్సు టాపు మీద వచ్చేది. రీలు సుమారు వెయ్యి అడుగులు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, నిమిషానికి తొంభై అడుగులు మిషన్లోంచి దిగుతాయి. రెండేసి రీళ్లు అతికి ఒక చుట్టగా చేసుకుని, రెండు మిషన్ల మీద మార్చి మార్చి వేసేవాళ్లం. చుట్ట అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలలో ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు మార్చాలి. సరిగ్గా మారిస్తే హాల్లో ఎవరికీ తెలియదు. కేబిన్లో ఆపరేటర్ ఉన్నాడని జనానికి గుర్తొచ్చిందంటే ఆ రోజు ఏదో తప్పు జరిగిందని లెక్క.

వెలుగు బల్బుది కాదు. రెండు కార్బన్ కడ్డీలను తాకించి దూరం జరిపితే ఆ సందులో పుట్టే మంట అది. కడ్డీలు కాలి తరిగేకొద్దీ మర తిప్పి సందు సరిచేస్తూ ఉండాలి. దాని పొగగొట్టం వేడికి పెద్దసెట్టిగారి ఇంటివాళ్లు వానాకాలంలో కూడా మా టాకీసు మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్లు. ఆ మరలన్నీ కుడిచేతివాళ్ల కోసం చేసినవి. నాది ఎడమచేతివాటం. మొదటి ఏడాదంతా వేళ్లు కాల్చుకున్నాను.

కేబిన్లో హెడ్ ఆపరేటర్, ఆయన కింద అసిస్టెంట్. లైసెన్సు హెడ్ పేరు మీద ఉంటుంది, తప్పు అసిస్టెంట్ పేరు మీద ఉంటుంది. పూలమ్మ సినిమా వచ్చేనాటికి మా హెడ్ మునిరత్నం. వేలూరు మనిషి. తెల్ల అడ్డపంచె, చెవిలో మల్లెమొగ్గంత దూది. డబ్బా మూత తీసి వాసన చూసి ఆ ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో చెప్పేవాడు. ఆయనకు కోపం వస్తే కత్తెర తీసేవాడు. కోపం మనుషుల మీద కాదు, సినిమాల మీద.

పెద్దసెట్టిది ఒకటే షరతు. మ్యాటినీ అయ్యేసరికి పలమనేరు బస్సు ఇంకా స్టాండులో ఉండాలి. కనుమ మీద పలమనేరు వైపు ఊళ్ల రైతులు పొద్దున కోర్టు పనో, ఎరువుల పనో చూసుకుని మ్యాటినీకి వచ్చేవాళ్లు. బస్సు పోతే మళ్లీ సినిమాకు రారు. పూలమ్మ సినిమా మొదటిరోజు మ్యాటినీలో ఆ షాట్ వచ్చింది. మొదటి నిమిషం హాలు ఓపిక పట్టింది. రెండో నిమిషంలో ముందు బెంచీల్లోంచి ఒకాయన లేచి, "ఏందప్పా, కడతానే ఉండాది, ఊరంతటికీ కడతాదా?" అన్నాడు. ఇంకొకాయన కేబిన్ వైపు తిరిగి, "ఆపరేటరూ, దండ అయిపోతే సెప్పు, బస్సుకు పోయొస్తాము," అన్నాడు. సగం హాలు లేచి నిజంగానే బస్సుకు పోయింది. తిరిగి రాలేదు.

మర్నాడు మునిరత్నం ఏడో రీలు బల్ల మీద పెట్టి, షాట్ మొదట ఒక కోత, చివర ఒక కోత కోసి, రీలును మళ్లీ అతికించాడు. మూడు వందల అడుగులు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ రోజు అందరికీ బస్సు దొరికింది. మామూలుగా కోస్తే మాట మధ్యలో తెగి బయటపడిపోతుంది. ఫిల్మ్ అంచున సన్నటి గీతగా ఉండే శబ్దం తన బొమ్మ కంటే ఇరవై ఫ్రేముల ముందు అచ్చై ఉంటుంది కనక, బొమ్మ కుదిరిన చోట మాట కుదరదు. ఇక్కడ మాటే లేదు. అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఇది చిన్న తప్పు కాదు. ప్రింటు డిస్ట్రిబ్యూటరుది, నిడివి సెన్సారుది. ప్రింటు వెంట వచ్చే రిప్రజెంటేటివ్ పట్టుకుంటే లైసెన్సు పోతుంది. కేబిన్లో ఒక ఆచారం ఉండేది: కోసిన ముక్కను డబ్బాలో దాచి, ప్రింటు వెనక్కి పోయే రోజు మళ్లీ అతికి పంపడం. అందరూ చేసేవాళ్లు. ఈ సినిమా మూడో రోజు మధ్యాహ్నమే ఎత్తేశారు. కొత్త సినిమా దిగే హడావిడిలో అతకడం తప్పింది. రిప్రజెంటేటివ్ మళ్లీ వస్తాడన్న భయంతో ముక్కను చిత్తూరు దాటించాల్సి వచ్చింది. దాటించింది నేను.

గురువారం కేబిన్ తెరిచాం. మిషన్ మీది పక్షి రెట్టలు కడిగి, ఫిల్మ్ దిగే గేటు తుడిచి, నూనె పోశాను. ఇంట్లో నాలుగు పొరల కాగితంలో చుట్టి దాచుకున్న కార్బన్ కడ్డీలు తెచ్చాను. వెలుగుకు కావలసిన కరెంటిచ్చే పాత రెక్టిఫయరు చచ్చిపోయి ఉంది. పూతలపట్టు అడ్డరోడ్డులో వెల్డింగ్ చేసే ఆయన తన మిషన్ తెచ్చి తగిలించాడు. వెల్డింగూ మా దీపమూ ఒకే జాతి మంట. ఆయన తెర వైపు చూసి, "ఇంత పెద్ద గోడకు యాడ అతుకు ఏయాల అన్నా?" అని అడిగాడు.

ఇక ప్రింటు తనిఖీ. బట్ట గ్లౌజులు వేసుకుని, ఫిల్మ్ అంచును వేళ్ల మధ్య జార్చుకుంటూ, చిరిగిన రంధ్రాలూ పాత అతుకులూ తడుముతూ పద్నాలుగు రీళ్లూ చుట్టాలి. మేడం పక్కన కుర్చీ వేసుకుని నోటుపుస్తకం తెరిచారు. ఎకనామిక్స్ చెప్పిన మనిషి ఊరికే కూర్చోరు. బల్ల మీద అడుగులు చూపే చిన్న మీటరును చూసి, ఒక్కో రీలూ రాసుకున్నారు. సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు మీద మొత్తం నిడివి ఉంటుందని కూడా ఆవిడకు తెలుసు. సాయంత్రానికి పుస్తకం మూశారు.

"రెడ్డెప్పగారూ, మూడు వందల అడుగులు తక్కువుంది."

"ఎండకు ముడుసుకోనుంటాది మేడం," అన్నాను.

"పద్నాలుగు రీళ్లలో ఏడో రీలు ఒక్కటే ముడుచుకుందా?"

చిన్నసెట్టి నన్ను చూశాడు. నేను వెల్డింగ్ మిషన్ను చూశాను. వేరే దారి లేక మునిరత్నం కథంతా చెప్పేశాను. ఆయన ముక్క పారేయమంటే నేను దాచానని, అది పలమనేరులో మా అక్క ఇంట్లో ఉండాలని కూడా చెప్పాను.

మేడం నోటుపుస్తకంలో పేరు రాసుకుని, "ఆ మునిరత్నంగారు ఇప్పుడెక్కడ ఉన్నారు?" అన్నారు.

"వేలూరులో మేడం. కొడుకు దగ్గర."

మెట్లు దిగుతుండగా చిన్నసెట్టి నా భుజం పట్టుకున్నాడు. "మా నాయన మునిరత్నం అనే పేరు ఎప్పుడూ అన్నట్టు లేదే అన్నా?"

"సచ్చిపోయినాడు లే సెట్టీ. పోయినోళ్ల మాట ఎందుకని అని ఉండడు."

శుక్రవారం పొద్దున్నే పలమనేరు బస్సెక్కాను. ఫిల్మ్ ముప్పై ఏళ్లు ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు రంగు పోతుంది. మొదట పచ్చ, నీలం వెలిసిపోతాయి, ఎరుపు ఒక్కటే మిగులుతుంది. తరవాత పుల్లటి వాసన మొదలవుతుంది. చివరికి చుట్ట చుట్టంతా అతుక్కుపోయి బెల్లం దిమ్మలా అవుతుంది. షెడ్డులోని రీళ్లు మొదటి దశలోనే ఆగాయి. మా అక్క దగ్గరున్నది ఏ దశలో ఉందో తెలియదు. అది దిమ్మ అయి ఉంటే ఆదివారం పొద్దున ఆటలో గోపాలయ్యగారు తన శిష్యుల ముందు అబద్ధాలకోరుగానే మిగులుతారు. అబద్ధాల మీద బతికిన నాకు ఆ అన్యాయం బాగా అర్థమవుతుంది. చెప్పిన అబద్ధానికి నవ్వితే సరేగానీ, నిజానికి నవ్వితే భరించడం కష్టం.

మా అక్క రాజమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమిరా రెడ్డెప్పా, దావ తప్పి వచ్చినావా?"

"అక్కా, బిస్కెట్ల డబ్బా ఒకటి ఇచ్చి పెట్టినాను కదా."

"ఆ, ముప్పై ఏండ్లనాడు. దీంట్లో ఏముండాదిరా అంటే పూలు అన్నావు. మీ బావ ఇన్నేండ్లుగా నన్ను ఎగతాళి చేస్తా ఉండాడు, మీ తమ్ముడి పూలు ఇంకా వాడలేదా అని."

"యాడుండాది?"

"నువ్వే కదరా సల్లగా ఉండే చోట పెట్టమన్నావు. ఇంట్లో సల్లగా యాడుంటాది. మీ బావ పాలకేంద్రంలో పెట్టుకున్నాడు."

మా బావ అక్కడ పాలు చల్లబరిచే గది చూసుకునే ఉద్యోగి. రిటైరయ్యాక ఆ పనిలోకి ఆయన తమ్ముడి కొడుకే వచ్చాడు. పాలక్యాన్ల వెనక, పైఅరలో, ముప్పై ఏళ్లుగా పండగలకూ పెళ్లిళ్లకూ కదలకుండా ఆ డబ్బా చల్లగా కూర్చుని ఉంది. అంచు చుట్టూ టేపు వేసి ఉంది. లోపల తడి పీల్చడానికి నేనప్పుడు మూటగట్టి వేసిన గుప్పెడు బియ్యం అలాగే ఉన్నాయి. మూత తీసి వాసన చూశాను. పులుపు లేదు. కొంచెం పాలవాసన ఉంది. కొస పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. మల్లెలు తెల్లగా ఉన్నాయి. కనకాంబరాలు కనకాంబరాల రంగులోనే ఉన్నాయి. మరువం పచ్చగా ఉంది.

అక్క నా భుజం మీదుగా చూసి, "నిజంగానే పూలేరా," అంది. మా ఇంట్లో నా మాట పూర్తిగా నమ్మిన సందర్భం అదొక్కటే.

శనివారం అతికాను. రెండు కొసలూ పూర్వం కత్తెరతో ఏటవాలుగా కోసినవి. వాటిని ఫ్రేముల మధ్య గీతకు సమంగా మళ్లీ కోసి, పైపూత గీకి, ఫిల్మ్ సిమెంటనే జిగురు రాసి, అచ్చులో పది సెకన్లు అదిమి పెట్టాలి. పూత ఎక్కువ గీకితే తెగుతుంది, తక్కువ గీకితే ఊడుతుంది. ఒక్కో అతుకుకూ రెండేసి ఫ్రేములు పోతాయి. అవి బల్ల మీదే పడి ఉన్నాయి. ఊడ్చాల్సింది. ఊడ్వలేదు.

ఆదివారం పొద్దున పదికి ఆట. క్లబ్బువాళ్లు తిరుపతి నుంచి రెండు బస్సుల్లో దిగారు. నవ్వుకునే శిష్యులు మద్రాసు నుంచి వచ్చారు. తిరుచానూరులో పూలు కట్టే ఆడవాళ్లు పదిమందిని మేడం పట్టుబట్టి తెచ్చారు. గోపాలయ్యగారిని బాల్కనీ ముందు వరసలో, సరిగ్గా నా కేబిన్ కిటికీ కింద కూర్చోబెట్టారు. నేను కడ్డీలు తాకించాను. మంట లేచింది. తెర వెలిగింది.

మిషన్ ఒక్కటే కాబట్టి ఇరవై నిమిషాలకు ఒకసారి లైట్లు వేసి చుట్ట మార్చాను. జనం ఆ సందుల్లో టీలు తాగారు. సినిమా అంతా కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టు ఉంది. ఆకాశం ఎరుపు, చెట్లు ఎరుపు, మనుషులు ఎరుపు. పాత సినిమా అంతేనేమో అనుకున్నారు అందరూ.

ఏడో రీలు. అతుకు గేటులోంచి దిగేటప్పుడు చిన్న టిక్కుమనే శబ్దం వచ్చింది. ఊడలేదు. ఎర్రటి తెర మీద ఒక్కసారిగా పసుపు దీపం, ఆకుపచ్చ చీర, తెల్లటి మల్లెలు. హాల్లో కుర్చీల కిర్రుమనే చప్పుడు ఆగిపోయింది. ముసలామె దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి కడుతోంది. ఈసారి ఎవరూ బస్సుకు లేవలేదు. రెండో నిమిషంలో కింద ముందు వరసలోంచి ఒక పూలామె గొంతు వినిపించింది. "అది మా అత్త సెయ్యి. ఏలికి రెండు సుట్లు ఏసి కట్టేది ఆమె ఒకతే." పక్కామె, "ఊరుకోవే, ముడి సూడనియ్యి," అంది.

నేను కిటికీలోంచి కిందికి చూశాను. గోపాలయ్యగారి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కుర్చీ చేతి మీద చాలా నెమ్మదిగా ఏదో తిప్పుతున్నాయి. తరవాత ఆయనే చెప్పారు: పొద్దు దిగేకొద్దీ వెలుగు పెరిగి బొమ్మ తెల్లబోకుండా, కెమెరా నడుస్తుండగానే లెన్సు రింగును వెంట్రుకవాసి చొప్పున మూస్తూ పోయారట. కెమెరాలో పట్టేది నాలుగు వందల అడుగుల ఫిల్మ్. ఆ రోజు మిగిలింది ఒక్క డబ్బా. రెండోసారి తీసే వీలు లేదు. తెర మీద పొద్దు చేతుల మీదికి వచ్చింది, ఆయన వేళ్లు ఆగాయి. దండ ముడి పడింది. టిక్కుమంది. సినిమా మళ్లీ ఎర్రబడింది.

ఆట అయ్యాక మేడం మైకు తీసుకున్నారు. నాకు ఆవిడ అంటే ఇప్పటికీ గౌరవం, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. సినిమా అంతా ఎరుపులో ఉంచి, శ్రమ చేసే చేతులకు మాత్రమే రంగులు ఇవ్వడం గొప్ప ఆలోచన అని, శ్రమ విలువను ఇంత స్పష్టంగా చెప్పిన కెమెరా పని తాను చూడలేదని పది నిమిషాలు మాట్లాడారు. శిష్యులు రాసుకున్నారు. గోపాలయ్యగారి వంతు వచ్చింది. "మేడం సెప్పినంత ఆలోచన నాకు ఆ పొద్దు లేదు," అన్నారు. "పొద్దు ఎక్కిపోతాదేమో అని ఒకటే బయం." అందరూ చప్పట్లు కొట్టారు. శిష్యుల్లో ఒకడు లేచి వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

కాసేపటికి కేబిన్ మెట్ల మీద అడుగుల చప్పుడు. పెద్దాయన కమ్మీ పట్టుకుని పైకి వచ్చేశారు. వెనక మేడం, చిన్నసెట్టి. నేను ఏడో రీలు వెనక్కి చుడుతున్నాను. ఆయన నా బల్ల మీద చూశారు. ఊడ్వని ఆ ఏటవాలు ముక్కలు రెండూ తీసి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి, వెలుగుకు పెట్టి చూశారు.

"ఎవురప్పా కోసింది?"

"మునిరత్నం సార్. మా హెడ్."

"ఎడమచేతివాటమా ఆయప్పది? కుడిచేత్తో కోస్తే వాలు ఇటు ఉంటాది. ఇది అటు ఉండాది."

"అవును సార్. ఎడమచేతివాటమే."

ఆయన రీలు చుడుతున్న నా చేతి వైపు చూశారు. నేను చెయ్యి మార్చాను. కుడిచేత్తో చుట్టడం నాకు రాదు, రీలు గడగడలాడింది.

"యాడుండాడు ఇప్పుడు?"

"వేలూరులో," అన్నారు మేడం.

"సచ్చిపోయినాడు," అన్నాడు చిన్నసెట్టి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "వేలూరు పోయినోడు ఆడే పోయుంటాడు లేమ్మా," అన్నారు గోపాలయ్యగారు. ఆయన వద్దన్నా క్లబ్బువాళ్లు కప్పిన శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి నా చేతుల్లో ఉంచారు. "మునిరత్నం తరపువాళ్లు ఎవురైనా కనపడితే ఇయ్యి. కోసినందుకు తిట్టినానని సెప్పు. రంగు పోకుండా పెట్టినాడు సూడు, మా ల్యాబోళ్లు అంత సక్కగా పెట్టలేదని కూడా సెప్పు." రెండు అడుగులు వేసి ఆగి, "తిట్టు ముందు సెప్పు," అని దిగిపోయారు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. పనిలో కొత్తగా చేరేవాళ్లకు, వాళ్ల పని ఏదైనా, పనికొస్తుందని రాస్తున్నాను. కోయక తప్పకపోతే కోయండి. కోసిన ముక్కను పారేయకండి, దాని మీద రీలు నంబరు రాసిపెట్టండి. పక్కన కోసినవాడి పేరు కూడా రాయండి.

చివరగా, మొదట వేసిన ఒట్టు సంగతి. ఇందులో కల్పించింది ఏదో మీరు ఈపాటికి వెతుకుతుంటారు. పాలకేంద్రం నిజం, పలమనేరు పోతే అర ఇప్పటికీ ఖాళీగా కనపడుతుంది. వెల్డింగ్ మిషన్ నిజం, పూతలపట్టులో ఆయన ఇప్పుడు సినిమావాడినని చెప్పుకుంటున్నాడు. మేడం ప్రసంగం నిజం. వడియాలు కాదు, అప్పడాలు. మునిరత్నం ఒక్కడే నేను పుట్టించినవాడు. వేలూరు, అడ్డపంచె, చెవిలో దూది, అన్నీ ఆ సాయంత్రం మేడం పుస్తకం మూసిన క్షణంలో పుట్టాయి. పూలమ్మ సినిమా వచ్చేనాటికి ఆ టాకీసులో హెడ్ ఆపరేటర్ని నేనే. అసిస్టెంట్ లేడు.

శాలువా మా ఇంట్లో ఉంది. మునిరత్నం తరపువాళ్లెవరూ ఇంతవరకూ రాలేదు.